చలాన్లు సరే... కూలి వేళకు బండేదీ?

పత్తి ఏరే రోజుల్లో గానీ, నాట్ల కాలంలో గానీ పొద్దున ఆరు గంటలకు ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏ రోడ్డు మీదైనా కాసేపు నిలబడి చూడండి. ముగ్గురు ఎక్కాల్సిన ఆటోలో పన్నెండు మంది కనిపిస్తారు. బస్తాలు వేసుకోవాల్సిన ట్రాలీ ఆటోలో ఇరవై మంది నిలబడి పోతుంటారు. డ్రైవరుకు అటొకరు, ఇటొకరు. వెనక అంచు మీద కాళ్లు బయటికి వేలాడేసి కూర్చున్న ఆడపిల్లలు. ఒళ్లో సద్ది గిన్నె, పక్కన పసిపిల్ల. ఈ బండి పోలీసు ఠాణా ముందు నుంచే పోతుంది. రవాణా శాఖ జీపుకు ఎదురుపడుతుంది. నాయకుల కార్లు హారన్ కొట్టి దీన్ని దాటిపోతాయి. అందరూ చూస్తారు. రైతులం మనమూ చూస్తాం. ఎందుకంటే ఆ బండి వచ్చేది మన చేనుకే.

అదే బండి బోల్తా పడ్డ రోజు మాత్రం ఎవరూ ఎన్నడూ చూడనట్టే మాట్లాడతారు.

పోయినవాళ్ల లెక్క

2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా పెద్ద అడిశర్లపల్లి మండలం వద్దిపట్ల దగ్గర మిరపకాయలు తెంపడానికి కూలీలను తీసుకుపోతున్న ట్రాక్టరు ఏఎమ్మార్పీ కాలువలో పడింది. 9 మంది ఆడకూలీలు చనిపోయారు. ఆ దుఃఖం ఆరకముందే, మూడు నెలలైనా తిరగకముందే, జూన్ 24న వలిగొండ మండలం వేములకొండ దగ్గర లక్ష్మాపురం శివారులో ఇంకో ట్రాక్టరు మూసీ కాలువలో బోర్లా పడింది. ఈసారి 15 మంది. ఇక్కడా పోయినవాళ్లలో దాదాపు అందరూ పొలం పనికి బయల్దేరిన ఆడవాళ్లే.

మరుసటేడు 2019 ఆగస్టు 4న మహబూబ్‌నగర్ జిల్లా మిడ్జిల్ మండలం కొత్తపల్లి దగ్గర పని ముగించుకుని ఇంటిదారి పట్టిన కూలీల ఆటోను లారీ ఢీకొట్టింది. పదిమందికి పైగా పోయారు. 2021 జనవరి 21న మళ్లీ పెద్ద అడిశర్లపల్లి మండలమే. నాటు వేసి తిరిగి వస్తున్న కూలీల ఆటో అంగడిపేట స్టేజీ దగ్గర ప్రమాదంలో చిక్కుకుంది. ఒకే ఊరి ఆడవాళ్లు వరసగా పాడె ఎక్కారు. వేరే జిల్లాల్లోనూ ఇదే కథ. 2022 మే 8న కామారెడ్డి జిల్లా హసన్‌పల్లి దగ్గర ట్రాలీ ఆటోను లారీ ఢీకొంటే 9 మంది పోయారు.

ఇవి పేపర్ల మొదటి పేజీకి ఎక్కిన ప్రమాదాలు మాత్రమే. ఒకరో ఇద్దరో పోయినవి, కాలు విరిగి మంచాన పడ్డవి జిల్లా పేజీలో నాలుగు వరసల వార్తతో సరి. ఆ నడుము విరిగిన మనిషి మళ్లీ నాటు వేయలేదు, పత్తి ఏరలేదు. ఆమె లెక్క ఏ దస్త్రంలోనూ ఉండదు.

ఒకటి గమనించండి. వద్దిపట్లలో, వేములకొండలో ప్రమాదం పొద్దున పనికి పోయేటప్పుడు జరిగింది. కొత్తపల్లిలో, అంగడిపేటలో సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు జరిగింది. అంటే కూలి మనిషికి చేనులో పాముకాటు, పురుగుమందు ఎంత గండమో పోను, రాను దారి కూడా అంతే గండం.

పది రోజుల హడావుడి

ప్రమాదం జరిగిన రోజున మంత్రులు వస్తారు. ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. మరునాటి నుంచి ప్రత్యేక తనిఖీలు. కూడళ్ల దగ్గర ఆటోలను ఆపుతారు, చలాన్లు రాస్తారు, నాలుగు బండ్లు ఠాణాలో పెడతారు. పరిమితికి మించి ఎక్కవద్దని బడిపిల్లల చేత ఊరేగింపు తీయిస్తారు. పది రోజులు పోయాక తనిఖీ బృందం మాయం. పదకొండో రోజు అదే ఆటో, అదే పన్నెండు మంది.

జనానికి కోపం ఎందుకు వస్తున్నదో పెద్దసార్లకు అర్థమైనట్టు లేదు. చలానా రాసినందుకు కోపం కాదు. తప్పు తప్పే. కానీ బండి ఆపిన సారు ఇరవై మందిని నడిరోడ్డు మీద దింపి, డ్రైవరు దగ్గర జరిమానా కట్టించుకుని వెళ్లిపోతే, ఆ ఇరవై మంది ఎట్లా పోవాలి? ఆ రోజు కూలి ఎవరిస్తారు? జరిమానా కట్టిన డ్రైవరు ఆ డబ్బులు ఎట్లా రాబట్టుకుంటాడు? మరునాడు ఇంకో ముగ్గురిని ఎక్కువ ఎక్కించుకునే కదా! ఎక్కువ మంది ఎక్కకుండా వేసిన జరిమానా, చివరికి ఇంకా ఎక్కువ మంది ఎక్కేటట్టు చేస్తున్నది.

నా చేను దగ్గర జరిగిన ముచ్చట

ఎదుటివాళ్లను అనే ముందు నా ముచ్చట చెప్పుకోవాలి. నాకు నాలుగెకరాల చెలక ఉంది. పత్తి వేస్తాను. పోయిన పంటలో పత్తి ఒక్కసారే పగిలింది. ఆకాశం చూస్తే మబ్బు. పక్కూరి మేస్త్రీకి పన్నెండు మంది కావాలని చెప్పాను. తెల్లారి ట్రాలీ ఆటో వచ్చి చేను గట్టు మీద ఆగింది. దిగేవాళ్లను లెక్కపెట్టాను. ఇరవై మూడు మంది! నాకు పన్నెండు మంది, అవతలి చేనుకు పదకొండు మంది. కిరాయి ఇద్దరు రైతులకు పంచొచ్చని ఒకే బండిలో తెచ్చాడు.

"ఇంతమందిని ఎట్ల తెచ్చినవయ్యా?" అన్నాను.

"రెండు బండ్లు పెడ్త. రెండో బండి కిరాయి నువ్విస్తవా అన్నా?" అన్నాడు మేస్త్రీ.

నేను మాట్లాడలేదు. క్వింటాలుకు ఎంత వస్తుందో, ఏరుడు కూలి ఎంత పోతుందో మనసులో లెక్క వేసుకుని ఊరుకున్నాను. అక్కడే సద్ది గిన్నె దించుకుంటున్న ఒక పెద్దమ్మను అడిగాను, బస్సులో రావొచ్చు కదా అని. ఆమె నవ్వింది.

"బస్సు తొమ్మిదింటికి వస్తది బిడ్డా. తొమ్మిదింటికి చేన్ల దిగితే దినం కూలి నువ్విస్తవా? మాపటికి ఆరింటికి బస్సే లేకపాయె. బస్సు స్టేజీ కాడ దింపుతది. ఆడికెళ్లి నీ చేనుకు రెండు కోసులు నడవాలె."

ఆ మాటలో మొత్తం సమస్య ఉంది. ఆమె చావుకు భయపడక ఆ బండి ఎక్కలేదు. ఆమె పని వేళకు, ఆమె పని జాగకు పోయే బండి అదొక్కటే. ఆ సాయంత్రం వాళ్లు పోయే దాకా, మేస్త్రీ ఫోను చేసి ఊరు చేరినమని చెప్పే దాకా నాకు అన్నం పోలేదు. మరునాడు మళ్లీ అదే బండి వచ్చింది. మళ్లీ నేనే కిరాయి ఇచ్చాను.

ఒక శాఖ మీద ఒక శాఖ

ఈ సంగతి అడగబోతే ఎవరి జవాబు వారి దగ్గర సిద్ధంగా ఉంటుంది. రవాణా శాఖ వారిని అడిగితే ఉన్న సిబ్బంది అన్ని రోడ్లూ ఎట్లా చూడగలరంటారు. పోలీసులను అడిగితే, ఆపితే జనమే తిరగబడుతున్నారంటారు. ఆర్టీసీ వారిని అడిగితే ఆ దారిలో బస్సు వేస్తే నష్టం, పైగా రోడ్డు బాగాలేదంటారు. రోడ్డు సంగతి పంచాయతీరాజ్ ఇంజనీరును అడిగితే నిధులు రాలేదంటారు. కాలువ కట్ట మీద అడ్డుగోడ ఏదని నీటిపారుదల శాఖను అడిగితే, అది అసలు జనం తిరిగే రోడ్డే కాదు, కాలువ చూసుకునేందుకు మా శాఖ వేసుకున్న బాట అంటారు.

ఈ చివరి మాట దగ్గర కొంచెం ఆగాలి. కాగితం మీద అది నిజమే. కాలువ కట్ట బాట నీళ్లు ఎట్లా పారుతున్నాయో చూసే సిబ్బంది కోసం వేసిందే. కానీ కాలువ వచ్చిన తర్వాత రెండు వైపులా చేలు సాగులోకి వచ్చాయి. ఆ చేలకు ఎరువు పోవాలన్నా, ధాన్యం రావాలన్నా, కూలీలు రావాలన్నా ఆ కట్టే దారి. నీళ్లిచ్చిన సర్కారు ఆ నీళ్ల పక్కన ఎట్లా తిరగాలో ఆలోచించలేదు. మలుపుల దగ్గర గోడ లేదు, కంచె లేదు, ఎదురుగా బండి వస్తే తప్పుకునే జాగ లేదు. 2018లో మూడు నెలలు తిరగకముందే రెండు ట్రాక్టర్లు రెండు కాలువల్లో పడ్డాయంటే డ్రైవర్ల తప్పు ఒక్కటే కాదు. ఆ కట్టకు దిక్కూ మొక్కూ లేకపోవడం కూడా కారణమే.

ట్రాక్టరు సంగతి మనకు తెలియనిది కాదు. ట్రాక్టరు మీద సీటు ఒక్కటే, అది నడిపేవాడిది. మడ్‌గార్డు సీటు కాదు. ట్రాలీలకు చాలావరకు సొంత బ్రేకులు ఉండవు. ముందు ఇంజను ఆగినా వెనక బరువు తోసుకుంటూ వస్తుంది. కట్ట దిగుడులో, మలుపులో ఆ తోపుడుకు ట్రాక్టరు పక్కకు తిరుగుతుంది. బస్తాలైతే కదలకుండా ఉంటాయి. మనుషులు అలా కాదు. బండి ఒరిగితే భయంతో అందరూ ఒక పక్కకే పడతారు, ఆ బరువుకు అది పూర్తిగా తిరగబడుతుంది. నీళ్లలో బోర్లా పడ్డ ట్రాలీ కింద ఇరుక్కుంటే ఈత వచ్చినవాళ్లకు కూడా దారి ఉండదు. మూడు చక్రాల ఆటో సంగతీ అంతే. పక్కలకు వేలాడే మనుషుల బరువుతో చిన్న గుంతకే అదుపు తప్పుతుంది.

బీమా ఉందనుకుంటే పొరపాటే

ఇది రైతు సోదరులు బాగా తెలుసుకోవాల్సిన సంగతి. బండికి ఇన్సూరెన్సు కట్టాం కదా, ఏదైనా అయితే కంపెనీ చూసుకుంటుంది అనుకుంటాం. అట్లా కాదు. సరుకు బండిలో ప్రయాణికులుగా ఎక్కినవారికి పరిహారం ఇచ్చే బాధ్యత బీమా కంపెనీకి లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో చెప్పింది. తర్వాతి కొన్ని కేసుల్లో బాధితులు నష్టపోకుండా కంపెనీని ముందు కట్టమన్నారు. కానీ కట్టింది బండి యజమాని దగ్గర వసూలు చేసుకోమన్నారు. ప్రయాణికుల బండిలోనైనా పరిమితి మించి ఎక్కితే, అనుమతి ఉన్న సీట్ల మేరకే కంపెనీ బాధ్యత అని 2007లో ఇంకో తీర్పు వచ్చింది. ముగ్గురి అనుమతి ఉన్న ఆటోలో పన్నెండు మంది ఎక్కితే మిగతావాళ్ల పరిహారం ఎవరి మెడకు చుట్టుకుంటుంది? బండి యజమాని మెడకు. అతనెవరు? చాలాసార్లు మనలాంటి మూడెకరాల రైతు, లేకపోతే ఫైనాన్సులో ఆటో తీసుకున్న రైతు కొడుకు.

ఇక చనిపోయిన కూలీ మనిషికి రైతు బీమా అయినా వస్తుందా? 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా 5 లక్షల రూపాయల పథకం. అది పట్టాదారు పాసుపుస్తకం ఉన్న, 18 నుంచి 59 ఏళ్ల లోపు రైతుల కోసం పెట్టింది. ట్రాలీలో పోయే ఆడకూలీల్లో ఎంతమంది పేరు మీద పాసుపుస్తకం ఉంది? ఉన్న ఎకరం మగనిదో, మామదో. భూమి లేని ఇంటి సంగతి చెప్పేదే లేదు. చేనులో సగం పనికి పైగా చేసే మనిషికి రైతు లెక్కలో చోటు లేదు, బీమా లెక్కలోనూ లేదు. ఎక్స్‌గ్రేషియా ఒక్కటే దిక్కు. అది కూడా ఒక్కసారే పదిమంది చనిపోయి, పేపర్లలో పడితేనే.

ఎదుటి లారీదో, టిప్పరుదో తప్పయితే ఆ బండి బీమా కింద పరిహారం అడిగే హక్కు ఉంది. దెబ్బ తిన్నవాళ్లు గానీ, చనిపోయినవాళ్ల ఇంటివాళ్లు గానీ మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో ఆరు నెలలు దాటకుండా దరఖాస్తు వేసుకోవాలి. దినాలు, మాసికాలు అయ్యాక చూద్దామని ఊరుకోవద్దు.

చట్టంలోనే ఉన్న మాట

ఇప్పుడు అసలు సంగతి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194-ఏ అని ఒక సెక్షను ఉంది. అనుమతికి మించి ఎక్కించుకున్న ఒక్కో ప్రయాణికుడికి 200 రూపాయల జరిమానా అని అందులో ఉంది. ఈ ముక్క అధికారులందరికీ బాగా గుర్తు. దాని కిందనే ఇంకో ముక్క ఉంది. ఎక్కువైనవాళ్లను దింపి, వాళ్లు పోవడానికి వేరే బండి ఏర్పాటయ్యే దాకా ఆ వాహనాన్ని కదలనివ్వరాదని చట్టమే చెప్పింది.

చదవండి మళ్లీ. వాళ్లు పోవడానికి వేరే బండి ఏర్పాటు కావాలి. అంటే దింపేసి పోవడం కాదు. చట్టం రాసినవాళ్లకు కూడా తెలుసు, ఎక్కినవాళ్లు ఎక్కడికో పోవాల్సినవాళ్లని. మరి మన రెండు జిల్లాల్లో ఏ తనిఖీలోనైనా కూలీలను దింపి, వెనకనే ఆర్టీసీ మినీ బస్సో, ఇంకో బండో తెప్పించి చేను దాకా పంపిన సందర్భం మీలో ఎవరైనా చూశారా? జరిమానా ముక్క అమలవుతుంది. బండి ముక్క చట్టం పుస్తకంలోనే మిగిలిపోతుంది. మనం అడగాల్సింది ఈ రెండో ముక్కను.

ఉచిత బస్సు మంచిదే, కానీ...

2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. మంచి పని. పట్నంలో పనికి పోయేవాళ్లకు, ఆస్పత్రికి పోయేవాళ్లకు, అంగడికి పోయేవాళ్లకు ఎంతో మేలయింది. కానీ టికెట్టు ఉచితమైనంత మాత్రాన బస్సు వేళ మారలేదు. బడి వేళకు, ఆఫీసు వేళకు నడిచే బస్సు తండాకు ఆరింటికి రాదు. ఎక్కువ ఖర్చు లేకుండా సర్కారు చేయగలిగిన మేలు, సగం దారిలో ఆగిపోయింది.

బస్సు అయినంత మాత్రాన అన్నీ సరి అని కూడా అనుకోవద్దు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో లోయలో పడ్డ ఆర్టీసీ బస్సులో దాదాపు వంద మంది ఉన్నారు. 60 మందికి పైగా చనిపోయారు. ఒక బస్సులో వంద మంది ఎందుకు ఎక్కారు? రెండో బస్సు లేదు గనుక. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పరు తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును ఢీకొంటే 19 మంది పోయారు. ఇరుకు రోడ్డు, మోయలేని బరువు వేసుకున్న టిప్పర్లు, చాలని బస్సులు. ఆటో అయినా, ట్రాక్టరు అయినా, బస్సు అయినా ఈ మూడింటి మధ్యనే నలుగుతున్నది పల్లె మనిషే.

ఇంకోచోట ఎట్లా చేశారు

ఇది మన దగ్గరే ఉన్న కష్టం కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో కూలీలను మనలాగే పాత వ్యాన్లలో కుక్కి తీసుకుపోయేవారు. సీట్లు పీకేసి, బల్లలు వేసి, బెల్టుల్లేకుండా. 1999 ఆగస్టు 9న ఫ్రెస్నో కౌంటీలో టమాటా పని నుంచి తిరిగి వస్తున్న కూలీల వ్యాను పెద్ద ట్రాలీ లారీని ఢీకొని 13 మంది చనిపోయారు. ఆ ఏడాదే అక్కడ చట్టం చేశారు. కూలీల వ్యాన్లకు సీటు బెల్టులు తప్పనిసరి చేశారు, ఏటేటా తనిఖీ పెట్టారు. అంతటితో ఆగలేదు. తర్వాతి ఏళ్లలో కింగ్స్ కౌంటీ ప్రజా రవాణా సంస్థ మంచి వ్యాన్లు కొని కూలీల గుంపులకే అద్దెకు ఇచ్చింది. గుంపులో లైసెన్సు ఉన్న ఒకరు నడుపుతారు, మిగతావాళ్లు ఖర్చు పంచుకుంటారు. నిషేధం పెట్టారు, బండీ ఇచ్చారు. రెండూ చేశారు గనుకనే పని జరిగింది.

అంత దూరం ఎందుకు? పక్కనున్న తమిళనాడులో పెద్ద బస్సు పోలేని ఊళ్ల కోసం 1997లోనే మినీ బస్సుల పథకం పెట్టారు. మన ఆర్టీసీ వెనక కూడా పెద్ద చరిత్రే ఉంది. నిజాం కాలంలో 1932లో 27 బస్సులతో మొదలైన సంస్థ ఇది. మేడారం జాతర వచ్చిందంటే, శ్రీశైలం శివరాత్రి వచ్చిందంటే ఇదే ఆర్టీసీ ఎక్కడెక్కడి డిపోల నుంచో ప్రత్యేక బస్సులు తెచ్చి, లక్షల మందిని చేర్చి, మళ్లీ ఇళ్లకు తెస్తున్నది. జాతరకు చేయగలిగినవాళ్లు పత్తి ఏరుడుకు ఎందుకు చేయలేరు? జాతర తేదీ ముందే తెలుసు గనుక అంటారేమో. పత్తి ఎప్పుడు పగులుతుందో, నాట్లు ఎప్పుడు పడతాయో సర్కారుకు తెలియదా? ఏ ఊళ్లో ఎన్నెకరాల పత్తి, ఎన్నెకరాల వరి ఉందో వ్యవసాయ విస్తరణాధికారులు సర్వే నంబరు వారీగా రాసుకుంటున్నారు. ఆ లెక్క డిపో మేనేజరు బల్ల మీదికి చేరితే ఏ వారం ఏ దారిలో కూలీలు తిరుగుతారో ముందే తెలిసిపోతుంది. రెండు శాఖలు ఒక్క పూట కూర్చుంటే అయ్యే పని ఇది.

అడగాల్సినవి

ఎన్నికలప్పుడు రోడ్డు అడుగుతాం, కరెంటు అడుగుతాం, బోరు అడుగుతాం. ఈసారి ఇవి కూడా అడుగుదాం.

ఒకటి, నాట్లు, పత్తి, మిరప పనుల నెలల్లో పొద్దున ఆరు నుంచి ఏడు దాకా, సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా కూలి వేళ బస్సులు. పెద్ద బస్సు పోలేని చోట మినీ బస్సు.

రెండు, 2025లో మహిళా సమాఖ్యలు బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకు ఇచ్చే పని మొదలైంది. అదే దారిలో మండల సమాఖ్యలకు చిన్న ప్రయాణికుల వ్యాన్లు ఇప్పించి, కూలీల రవాణాకు నడపనివ్వాలి. ఎక్కేవాళ్లూ సంఘం ఆడవాళ్లే, బండీ సంఘానిదే అయితే ఎంతమంది ఎక్కాలో వాళ్లే చూసుకుంటారు.

మూడు, కాలువ కట్టల్లో జనం తిరిగే భాగాలను గుర్తించి, వాటిని రోడ్డుగా ఒప్పుకోవాలి. మలుపుల్లో, తూముల దగ్గర, దిగుళ్ల దగ్గర అడ్డుగోడ కట్టాలి. మొత్తం కట్టకు ఒకేసారి కాకపోయినా, ప్రమాదపు మలుపులతో మొదలుపెట్టాలి.

నాలుగు, పాసుపుస్తకం లేని వ్యవసాయ కూలీలకు కూడా రైతు బీమా లాంటి బీమా.

అయిదు, తనిఖీ చేసేవాళ్లు చట్టంలోని రెండో ముక్కను కూడా పాటించాలి. కూలీలను దింపితే వేరే బండి చూపాలి.

మన చేతుల్లో ఉన్నది

సర్కారును అడిగే నోరు మనకు ఉండాలంటే మన చేతులు కూడా కొంత శుభ్రంగా ఉండాలి. మేస్త్రీకి మనిషిని పంపమని చెప్పేటప్పుడే ఏ బండిలో తెస్తావని అడుగుదాం. పక్క చేను రైతుతో మాట్లాడుకుని రెండో బండి కిరాయి పంచుకుందాం. రెండు బండ్లు దొరక్కపోతే ఒకే బండి రెండు ట్రిప్పులు వేసేటట్టు, మొదటి గుంపు అరగంట ముందు దిగేటట్టు, సాయంత్రం ముందే పోయేటట్టు మాట్లాడుకోవచ్చు. ఆ అరగంట కూలి కోసం తెగే దాకా లాగవద్దు. ట్రాక్టరు ట్రాలీ మనుషుల బండి కాదు. దాంట్లో మనిషిని ఎక్కించమని మనం అడగవద్దు, ఎక్కిస్తానన్నా ఒప్పుకోవద్దు. లైసెన్సు లేని పిల్లవాడికి స్టీరింగు ఇవ్వవద్దు. నడుపుతూ ఫోను మాట్లాడేవాడి బండికి కిరాయి ఇవ్వవద్దు. పంట మోసే ట్రాలీకైనా వెనక రేడియం స్టిక్కర్లు, లైటు ఉండాలి. చీకట్లో ఆగిన ట్రాలీని వెనక నుంచి కొట్టి ఎంతమంది కుర్రవాళ్లు పోయారో ప్రతి ఊరికీ తెలుసు.

ఇవన్నీ చేసినా మన చేతులకు ఒక హద్దుంది. క్వింటాలు పత్తి అమ్మి కూలి, విత్తనం, మందు లెక్క వేసుకుంటే మిగిలేది ఎంతో చిన్న రైతుకు తెలుసు. రెండో బండి కిరాయి రోజూ పెట్టుకోగలిగిన స్థితి అందరికీ లేదు. కూలి మనిషి రేటు తగ్గించి బండి కిరాయి సర్దుకోమనడం అంతకన్నా అన్యాయం. అందుకే ఇది రైతుకూ కూలీకీ మధ్య తగాదాగా మిగలకూడదు. ఇద్దరూ కలిసి సర్కారు దగ్గర అడగాల్సిన సంగతి ఇది.

ముందు గ్రామసభలో మొదలుపెడదాం. మన ఊరి నుంచి ఏ ఊరికి కూలీలు పోతారు, ఏ ఊరి నుంచి మన ఊరికి వస్తారు, ఏ నెలల్లో, ఏ వేళకు, ఎంతమంది అనేది ఒక కాగితం మీద రాయిద్దాం. తీర్మానం చేసి, ఒక నకలు డిపో మేనేజరుకు, ఒక నకలు ఆర్డీవోకు ఇచ్చి రశీదు తీసుకుందాం. నోటిమాటగా చెప్తే నోటిమాటగానే పోతుంది. రశీదు ఉంటే రేపు ఏదైనా జరిగితే మాకు తెలియదు అనే మాట ఎవరి నోటా రాదు.

వద్దిపట్లలో ఆ పొద్దున సద్ది కట్టుకుని బయల్దేరినవాళ్లు తెంపాల్సిన మిరపకాయలు తర్వాత ఇంకెవరో తెంపారు. పంట ఆగలేదు, మార్కెట్టు ఆగలేదు. మళ్లీ మా చేలో పత్తి పగులుతుంది, మళ్లీ మేస్త్రీకి ఫోను చేస్తాను. ఆ రోజు బండి గట్టు మీద ఆగినప్పుడు దిగేవాళ్లను మళ్లీ లెక్కపెడతాను. ఇరవై మూడు ఉంటే ఆ లెక్క నా ఒక్కడి తలనొప్పిగా మిగలనివ్వను. గ్రామసభ కాగితం మీద రాయిస్తాను. మీరూ మీ చేను గట్టు మీద నిలబడి లెక్కపెట్టండి.